తిమింగలం ఊపిరి వినపడేంత దూరం

ఉదయం ఆరున్నర దాటింది. శ్రీలంకలోని మిరిస్సా రేవులోకి రాత్రి వేట ముగించుకున్న మరపడవలు వస్తున్నాయి. మేమెక్కిన పడవ వాటిని తప్పించుకుంటూ బయటికి సాగుతోంది. గట్టు మీద ఐసుగడ్డల్లో పరిచిన సూర చేపలు, డీజిలు వాసన, తడి వలల వాసన. నేను విశాఖ ఫిషింగ్ హార్బరు దగ్గర పెరిగినదాన్ని, ఈ వాసనకు ప్రాణం లేచొస్తుంది. మా ఆయనది అనంతపురం. సముద్రం ఇంత లోపలికి రావడం ఆయనకు ఇదే మొదలు. పడవ పైఅంతస్తు కమ్మీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు.

“భయంగా ఉందాండీ?”

“భయం కాదు. ఇన్ని నీళ్లు ఒక్కతావున నేనెప్పుడు చూసింటి?”

పడవ కుర్రాడొకడు అల్లం బిస్కెట్లు పంచుతున్నాడు, కడుపులో తిప్పకుండా. ఎడమ పక్క దూరంగా దొండ్రా దీపస్తంభం తెల్లగా నిలబడి ఉంది. శ్రీలంకకు దక్షిణపు కొస అదే. అక్కడి నుంచి సూటిగా కిందికి పోతే అంటార్కిటికా దాకా నేల తగలదు. ఇది మాఘమాసం, ఈ పక్క సముద్రం నెమ్మదించే కాలం. మే వచ్చి నైరుతి గాలి తిరిగిందంటే ఈ పడవలు కదలవు.

ఒడ్డు సన్నటి గీతగా మారేసరికి నీళ్ల రంగు మారిపోతోంది. ఇందాకటి పచ్చదనం లేదు, చిక్కటి నీలం. ఇక్కడ తీరానికి దగ్గరలోనే సముద్రపు అడుగు ఉన్నట్టుండి వందల మీటర్ల లోతుకు జారిపోతుంది. ఆ లోతు నీళ్లలో రొయ్యల జాతి చిన్న జీవులు గుంపులు గుంపులుగా ఉంటాయి. వాటి కోసమే నీలి తిమింగలాలు ఒడ్డుకింత దగ్గరగా తిరుగుతాయి. వాటిని చూడటానికి ఇక్కడ ఒక పూట చాలు.

అణియం మీద నిలబడ్డ కుర్రాడు చెయ్యెత్తుతున్నాడు. పడవ నడిపే పెద్దాయన ఇంజను తగ్గించి, మరి కాసేపటికి పూర్తిగా ఆపేస్తున్నాడు. పడవ వాలులో ఊగుతోంది. ఎవరూ మాట్లాడటం లేదు.

ముందు చప్పుడు వస్తుంది. గట్టిగా, లోతుగా, పెద్ద గొట్టంలోంచి ఆవిరి వదిలిన చప్పుడు. ఆ తర్వాతే కన్ను దాన్ని పట్టుకుంటుంది. నీటి మీద తెల్లటి తుంపర స్తంభం లేచి, గాలికి పక్కకు వాలి, కరిగిపోతోంది. దాని కింద బూడిద కలిసిన నీలం రంగు వీపు బయటికొస్తోంది, వస్తూనే ఉంది. ముక్కు రంధ్రాలు దాటిపోయి చాలాసేపయ్యాక గానీ వెనక ఉన్న చిన్న రెక్క కనపడదు. భూమ్మీద ఇంతకుముందెన్నడూ ఇంత బరువైన ప్రాణి పుట్టలేదని చదివినప్పుడు అది అంకె. ఇప్పుడు వంద మీటర్ల అవతల అది ఊపిరి తీసుకుంటోంది, ఆ చప్పుడు నా పక్కటెముకలకు తెలుస్తోంది.

మా ఆయన చేతులు కమ్మీని వదిలేశాయి. లేచి నిలబడ్డారు.

నాలుగైదుసార్లు ఊపిరి తీసుకున్నాక వీపు విల్లుగా వంగుతోంది. తోక నీళ్లలోంచి పైకి లేచి, వెడల్పుగా విచ్చుకుని, అంచుల నుంచి నీళ్లు కారుస్తూ నిటారుగా దిగిపోయింది. అది మునిగిన చోట నీళ్లు నున్నగా, ముడత లేకుండా పరుచుకున్నాయి. అంత పెద్ద ఒంటిని మింగుకున్నాక మిగిలిన గుర్తు ఆ నున్నటి మచ్చ ఒక్కటే. మళ్లీ పైకి రావడానికి పది నిమిషాలు పైనే పడుతుందట. ఇంజను ఆపే కాచుకుంటున్నాం.

ఈ నీళ్లకు ఒక కథ ఉంది. నీలి తిమింగలాలు మేత కోసం చల్లటి సముద్రాలకు పోతాయనీ, వెచ్చటి సముద్రాలకు ఈనడానికి మాత్రమే వస్తాయనీ పుస్తకాల్లో ఉండేది. 2003లో ఆశా డి వోస్ అనే శ్రీలంక అమ్మాయి ఒక పరిశోధన నౌక మీద ఉండగా ఈ దక్షిణ తీరంలో ఆరు నీలి తిమింగలాలను చూసింది. నీటి మీద వాటి ఎర్రటి మలం తేలుతోంది. మలం ఉందంటే ఇక్కడే తింటున్నట్టు. ఈ గుంపు ఏడాదంతా వెచ్చటి నీళ్లలోనే మేస్తూ బతుకుతుందన్న సంగతిని ఆమె ఆ తర్వాతి ఏళ్లలో పట్టుదలగా పరిశోధించి లోకానికి చెప్పింది. ఒక మలం తెట్టెను చూసి పుస్తకాన్ని ప్రశ్నించిన ఆ చూపంటే నాకు చాలా గౌరవం.

దక్షిణాన ఆకాశం అంచున కంటైనర్ల ఓడ ఒకటి పోతోంది, దాని వెనక ఇంకొకటి. ప్రపంచంలో బాగా రద్దీగా ఉండే ఓడల దారుల్లో ఇదొకటి. తిమింగలాల మేతనేల మీదుగా ఈ దారి పోతుంది కాబట్టి ఓడల కింద పడి చచ్చిపోయినవి ఉన్నాయి. 2022లో ఎం.ఎస్.సి. అనే పెద్ద నౌకా సంస్థ తన ఓడలను 15 నాటికల్ మైళ్లు దక్షిణానికి జరిపి నడపడం మొదలుపెట్టింది. అన్ని ఓడలకూ అదే నియమం కావాలి.

నున్నటి మచ్చకు అవతల మళ్లీ తుంపర లేచింది. ఆవలి పడవ ఒకటి ఇంజను పెంచి దాని మీదికి పోతోంది. వంద మీటర్ల లోపలికి పోకూడదని శ్రీలంక నిబంధన. ఆ పడవ యాభైకి చేరింది. తిమింగలం తోక ఎత్తకుండానే, తీసుకోవలసిన ఊపిర్లు తీసుకోకుండానే మునిగిపోయింది. మా పెద్దాయన అటు చూసి ఏమీ అనలేదు, తల అడ్డంగా ఊపాడు.

మధ్యాహ్నాలన్నీ మిరిస్సా ఇసుకవి. వంపు తిరిగిన చిన్న తీరం, కొబ్బరిచెట్ల నీడ, నారింజ రంగు తంబిలి బొండాలు. గాలె కోటలో ఒక సాయంత్రం గడిపాం. డచ్చివాళ్లు కట్టిన బురుజు గోడ మీద ఊరంతా షికారుకొస్తుంది. దాని ఎదురుగా ఉన్న రుమస్సలా కొండ హనుమంతుడు తెచ్చిన సంజీవని పర్వతం నుంచి రాలిన ముక్క అని ఇక్కడివాళ్లు నమ్ముతారు. రాత్రి ఆప్పాలు, కొబ్బరి సంబోలు, గాలెలో కొన్న సూర పులుసు. ఇంతే, మిగతా సమయమంతా నీళ్లలో ఉన్నాం. మా ఆయన నడుం లోతు దాకా వచ్చి, కెరటం విరిగే చోట నిలబడటం నేర్చుకున్నారు.

తంగల్ల దాటాక రెకవా తీరం. రాత్రి పది గంటలు. ఇక్కడ వీధి దీపాలు లేవు, ఆకాశంలో చుక్కలు తప్ప వెలుగు లేదు. ఫోన్లు సంచుల్లో పెట్టించారు. కాపలా మనిషి ముందు నడుస్తున్నాడు, ఆయన చేతిలో ఎర్ర దీపం. ఒకప్పుడు ఈ ఊరివాళ్లు తాబేలు గుడ్లు తవ్వి అమ్ముకునేవాళ్లు. 1990లలో వాళ్లనే గూళ్లకు కాపలా పెట్టారు. గుడ్లు ఎక్కడుంటాయో వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు?

ఇసుకలో కూర్చుని ఎదురుచూస్తున్నాం. పాదాలకు చల్లగా తగులుతోంది. కెరటం ఒకటి వెనక్కి పోయాక ఒడ్డున నల్లటి బండ మిగిలింది. ఇందాక అక్కడ బండ లేదు. అది కదులుతోంది. ముందు రెక్కలు రెండూ కలిపి ఇసుకను తోసి, ఒక జానెడు జరిగి, ఆగి ఊపిరి తీసుకుంటోంది. నీళ్లలో బరువే లేని ఆ ఒళ్లు నేల మీద వంద కిలోల పైమాట.

కాపలా మనిషి అరచేయి చూపించాడు, ఆగమని. గుంట తవ్వుకోవడం పూర్తయ్యేదాకా దగ్గరికి పోకూడదు. అప్పుడు కదిలినా, వెలుగు పడినా అది గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోతుంది. ఇసుక విసిరే చప్పుడు చీకట్లో వినపడుతోంది. అరగంట, ముప్పావు గంట. మా ఆయన నా చెవి దగ్గర నోరు పెట్టి, “పురుడు పోసుకునే గది బయట కూర్చున్నట్టుంది” అన్నారు.

చప్పుడు ఆగింది. ఎర్ర దీపం సైగ చేసింది. దాని వెనక వైపు నుంచి, మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాం. వెనక రెక్కలతో తవ్విన లోతైన గుంటలోకి తెల్లటి, మెత్తటి గుడ్లు రెండేసి మూడేసి జారుతున్నాయి. దాదాపు వంద పెడుతుందని కాపలా మనిషి గుసగుసగా చెబుతున్నాడు. ఇది పచ్చ తాబేలు. లోకంలో ఉన్న ఏడు జాతుల సముద్రపు తాబేళ్లలో ఐదు ఈ దేశపు తీరాలకు వస్తాయి. దాని కళ్ల నుంచి చిక్కటి నీరు కారుతోంది. ఒంట్లో చేరిన ఉప్పును అవి అలా బయటికి పంపుతాయి.

మా విశాఖ తీరానికి ఇదే కాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. అక్కడ అటవీ శాఖవాళ్లు గుడ్లు ఏరి, కంచె కట్టిన చోట పాతి, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలో వదులుతారు. కుక్కలు, రోడ్డు దీపాలు, జనం, వీటి మధ్య వేరే దారి లేదు. ఇక్కడ గుడ్లను పెట్టిన చోటే ఉంచేస్తున్నారు. ఒక ఊరు తన తీరాన్ని చీకటిగా ఉంచుకుంటే చాలు, ఈ తల్లి గూటిని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. ఆ చీకటి మా ఊరి తీరంలో ఒక కిలోమీటరైనా మిగలాలని నా కోరిక.

ఇంకా తూర్పుకు పోతే నేల ఎండిపోతుంది, ముళ్లపొదలు మొదలవుతాయి. తిస్సమహారామ దారి పొడుగునా దుకాణాల్లో మట్టి ముంతల్లో గేదె పెరుగు వేలాడుతోంది. దాని మీద కితుల్ పాకం పోసిస్తున్నారు. కితుల్ అంటే మన ఏజెన్సీలో కల్లు తీసే జీలుగు చెట్టే. బుందల ఉప్పు కయ్యల దగ్గర బండి ఆపితే ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు, ఒడ్డున నోరు తెరిచి ఎండ కాగుతున్న మొసలి. మేం తప్ప మనిషి లేడు.

కతరగామలో సాయంత్రం. మాణిక్య గంగలో మునిగి తడిబట్టలతో జనం స్కందుడి గుడికి నడుస్తున్నారు. చెట్టు కింద పాము బుట్ట ముందు పెట్టుకున్న మనిషి, పక్కన చేతులు చూసి జాతకం చెప్పే ఆడమనిషి. ఆమె పసిదాన్ని పిలిచిన పిలుపు వినగానే నా కాళ్లు ఆగిపోయాయి. యాస వేరు గానీ అది తెలుగు. వీళ్లు అహికుంటికులు, తరాల క్రితం సముద్రం దాటివచ్చి పాములాడిస్తూ, కోతులాడిస్తూ దేశం తిరిగినవాళ్లు. ఇప్పుడు ఊళ్లలో స్థిరపడ్డారు, పిల్లలు సింహళంలోకి మారుతున్నారు. నేను తెలుగులో పలకరిస్తే ఆమె నా మొహం వైపు చాలాసేపు చూసి, కూర్చోమని చాప జరిపింది.

యాలా గేటు తెల్లవారుజామున ఆరింటికి తెరుస్తారు. జీపుల వరుస చీకట్లోనే కిలోమీటరు మించింది. 1938 నుంచి ఇది జాతీయ వనం. పులి గానీ సింహం గానీ లేని దేశం కాబట్టి అడవికి చిరుతే రాజు, అందుకే పట్టపగలు కూడా దారి మీదికొస్తుంది. ఎర్ర మట్టి, పాలచెట్లు, గుండ్రటి రాతి గుట్టలు, గుట్టల వెనక సముద్రపు హోరు. ఒక్కసారిగా దుప్పి కూత, ఆ వెంటనే కొండముచ్చుల కేకలు. మా డ్రైవరు ఫోను మోగింది. అందరి ఫోన్లూ మోగాయి.

మలుపు తిరిగేసరికి జీపులు దారంతా కిక్కిరిసి ఉన్నాయి. వాటి సందుల్లోంచి పొద అంచున పసుపు రంగు కదిలింది. చిరుత దారి దాటాలని చూస్తోంది. ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకో జీపు ఎదురుగా దూసుకొచ్చి ఆగింది. చిరుత తల తిప్పి ఒక్కసారి చూసి, వెనక్కి మళ్లి పొదలోకి పోయింది. అటు వైపు దానికి నీళ్లున్నాయో, పిల్లలున్నాయో.

“తమ్ముడూ, బండి వెనక్కి తియ్యి” అన్నాను. అతను నమ్మలేనట్టు చూశాడు. చిరుత కనపడితేనే ఇనాము, లేకపోతే మొహాలు ముడుచుకుంటారట. దగ్గరగా పోలేదని తిట్టినవాళ్లూ ఉన్నారట. మర్నాడు బయల్దేరే ముందే మా ఆయన అతనికి చెప్పారు, చిరుత కనపడినా కనపడకపోయినా ఇచ్చేది ఇస్తామని. ఆ ఉదయం గుంపు వైపు పోలేదు. ఏనుగొకటి కాలితో గడ్డిని తన్ని, దుబ్బుకు అంటిన మట్టిని మోకాలికి కొట్టి దులిపి నోట్లో పెట్టుకోవడం ఇంజను ఆపి అరగంట చూశాం.

తిరుగుదారిలో ఉడవలవె. తల్లి పోయిన ఏనుగు పిల్లలను 1995 నుంచి ఇక్కడ పెంచి తిరిగి అడవికి పంపుతున్నారు, వందకు పైగా పంపారు. పాలు తాగే వేళ దూరంగా కట్టిన గట్టు మీద నుంచి చూడాలి, ముట్టుకోనివ్వరు. మనిషికి మచ్చికైతే అడవిలో బతకలేవు.

దక్షిణ లంకకు వెళ్లాలనుకునే జంటలకు నా మనవి ఒక్కటే. పడవ మాట్లాడుకునేటప్పుడే వంద మీటర్ల అవతల ఇంజను ఆపమని చెప్పండి. జీపు మాట్లాడుకునేటప్పుడే చిరుత కనపడకపోయినా ఇనాము తగ్గదని చెప్పండి. డ్రైవర్లు వినే మాట ప్రయాణికులదే. మా డ్రైవరు ఆ ఒక్క మాటకే ఆగాడు.