పిల్లలకూ షుగర్ వస్తుందా? ఒంటి రక్షణ కణాలే దాడి చేసే టైప్-1పై సీసీఎంబీ పరిశోధన ఏం తేల్చింది?

భద్రాచలం: పదేళ్ల పిల్లాడు ఉన్నట్టుండి బక్కచిక్కిపోతాడు. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. తర్వాత వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. ఉమ్మడి ఖమ్మం జిల్లా ఏజెన్సీలో, మలేరియా భయం ఉండే చర్ల, దుమ్ముగూడెం లాంటి మండలాల్లో, ఇవి చూస్తే ముందుగా గుర్తొచ్చేది జ్వరమే. షుగర్ అనే ఆలోచన రాదు. షుగర్ అంటే పెద్దోళ్ల జబ్బు, అదీ పట్నమోళ్ల జబ్బు అనే లెక్క ఇంకా పోలేదు.

కానీ ఇవి టైప్-1 డయాబెటిస్ లక్షణాలు. దీన్నే ఇన్సులిన్ మీద ఆధారపడే మధుమేహం అంటారు. బెల్లం, చక్కెర ఎక్కువ తిన్నందుకు వచ్చేది కాదిది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పరాయివిగా పొరబడి చంపేస్తుంది. ఇన్సులిన్ దాదాపు పూర్తిగా ఆగిపోతే రక్తంలో కీటోన్లు పేరుకుని ఒళ్లు ఆమ్లమయం అవుతుంది. ఊపిరి బరువెక్కడం, నోట్లోంచి పండిన పండు లాంటి వాసన రావడం అప్పుడే. గంటల్లో ఇన్సులిన్, సెలైన్ అందకపోతే ప్రాణం పోతుంది. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి గ్లూకోమీటర్‌తో చూస్తే అనుమానం అక్కడికక్కడే తేలుతుంది. జ్వరం పరీక్షకు ఎలాగూ రక్తం తీస్తారు, ఇంకో చుక్క తీయడానికి పట్టేది నిమిషమే.

ఇది స్వయం దాడి అని సైన్స్‌కు తెలిసి యాభై ఏళ్లు. 1974లో బొటాజో బృందం లండన్‌లో ఈ రోగుల రక్తంలో క్లోమ కణాలపై పనిచేసే యాంటీబాడీలను గుర్తించింది. 1986లో అమెరికా శాస్త్రవేత్త జార్జ్ ఐసెన్‌బార్త్ అసలు మలుపు తిప్పారు. జబ్బు బయటపడటానికి నెలలు, ఏళ్ల ముందే దాడి మొదలవుతుందని, దశల వారీగా సాగుతుందని ఆయన వివరించారు. అసలు దాడి చేసేవి టీ కణాలు. యాంటీబాడీలు ఆ దాడి నడుస్తోందని చెప్పే ఆనవాళ్లు. గ్యాడ్, ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్-8, ఇన్సులిన్.. వీటిపై యాంటీబాడీల్లో రెండో అంతకంటే ఎక్కువో ఉన్న పిల్లల్లో సుమారు 70 శాతం మందికి పదేళ్లలో జబ్బు బయటపడుతుందని 2013లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

ఇక మన దగ్గరి మాట. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త డాక్టర్ గిరిరాజ్ రతన్ చాందక్ బృందం, పూణే కేఈఎం ఆస్పత్రి, బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ కలిసి చేసిన పరిశోధన 2020లో సైంటిఫిక్ రిపోర్ట్స్ జర్నల్‌లో వచ్చింది. యూరప్ వాళ్ల జన్యువులతో తయారైన రిస్క్ స్కోరు భారతీయుల్లో టైప్-1ను, టైప్-2ను వేరు చేయగలదా అన్నది ప్రశ్న. టైప్-1 ఉన్న 262 మందిని, టైప్-2 ఉన్న 352 మందిని, షుగర్ లేని 334 మందిని పోల్చారు. స్కోరు పనిచేసింది. అయితే యూరప్ రోగుల్లో ఎక్కువగా కనిపించే జన్యు తేడాలు, మనవాళ్లలో ఎక్కువగా కనిపించేవి పూర్తిగా ఒకటి కావని కూడా తేలింది. రెండు చోట్లా జబ్బుతో ముడిపడినవి తొమ్మిది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ రక్త నమూనాలు పూణే వాళ్లవి. కోయ, కొండరెడ్డి కుటుంబాలవి కావు. కాబట్టి ఆ స్కోరును గోదావరి ఒడ్డు జనాలకు ఉన్నదున్నట్టు అతికించలేం. పైగా ఊరి పీహెచ్‌సీలో చేసే పరీక్ష కాదది.

మరి ఏ రకమో తేల్చడం ఎందుకంత ముఖ్యం? బక్కగా ఉన్న కుర్రాడికి షుగర్ వస్తే అది టైప్-1 అయి తీరాలని లేదు. క్లోమంలో రాళ్లు పడి వచ్చే షుగర్ కూడా ఉంది. దానికి దారితీసే క్లోమ జబ్బులో స్పింక్-1 జన్యువు పాత్రను రెండు దశాబ్దాల కిందటే పరిశీలించింది కూడా చాందక్ బృందమే. చిన్ననాటి నుంచి తిండి చాలక వచ్చే షుగర్‌ను అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో టైప్-5గా గుర్తించింది. ఈ రెండింట్లో స్వయం దాడి ఉండదు. మందు, మోతాదు మారొచ్చు. పోషకాహార లోపం ఉన్న అడవి పల్లెల్లో ఈ తేడా పుస్తకాల సంగతి కాదు. తేల్చేది యాంటీబాడీ, సి-పెప్టైడ్ పరీక్షలే. వాటి కోసం పెద్ద ల్యాబ్‌కు నమూనా పంపాల్సిందే.

దాడిని వాయిదా వేసే మందు ఒకటి వచ్చింది. టెప్లిజుమాబ్‌ను అమెరికా ఎఫ్‌డీఏ 2022 నవంబర్‌లో ఆమోదించింది. ఎనిమిదేళ్లు దాటి, రెండో దశలో ఉన్నవారిలో జబ్బు బయటపడటాన్ని సగటున రెండేళ్లు వెనక్కి నెడుతుంది. నయం చేయదు. ధర చూస్తే మాత్రం ఇక్కడి వాళ్లకు అందని పండే.

అందాకా ఆధారం ఇన్సులిన్ ఇంజెక్షనే. ఆకు పసరు, నాటు మందు నమ్మి టైప్-1 పిల్లలకు ఇంజెక్షన్ ఆపితే ప్రాణాపాయం. మొదట్లో కొన్ని వారాలు, నెలల పాటు మోతాదు తగ్గి, జబ్బు పోయినట్టే కనిపించే దశ ఒకటి వస్తుంది. చాలామంది మోసపోయేది అక్కడే.

కొత్తగూడెం, భద్రాచలం వేసవి సంగతి తెలిసిందే, 45 డిగ్రీలు దాటడం మామూలు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కరెంటు, ఫ్రిజ్ లేని ఇంట్లో మట్టికుండ మేలు. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దించి, సీసాను కవర్‌లో చుట్టి అందులో పెట్టి, నీడలో ఉంచాలి. ఇసుక ఆరకుండా రోజూ నీళ్లు చల్లాలి. ఇది ఫ్రిజ్‌కు సాటి రాదు కాబట్టి నెలల తరబడి నిల్వ పెట్టకుండా కొద్దికొద్దిగా తెచ్చుకోవాలి. ఐస్ ముక్కల్లో నేరుగా పెట్టొద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు, పారేయాల్సిందే.