మాంట్రియల్ మెట్రోలో కానుక కళ
కెనడాలోని మాంట్రియల్ నగర మెట్రో 1966 అక్టోబర్ 14న మొదలైంది. తొలి స్టేషన్లలో కళాఖండాలకు మెట్రో నిర్మాణ నిధులు కేటాయించలేదు. వాటి ఖర్చు దాతలే పెట్టుకోవాల్సి వచ్చింది. కళా దర్శకుడు, కార్టూనిస్టు రోబేర్ లపాల్మ్ నగర చరిత్రే ఇతివృత్తం కావాలని కోరుకున్నాడు. మెక్‌గిల్ స్టేషన్‌లో 19వ శతాబ్దపు నగర జీవితాన్ని చూపే రంగుటద్దాలు ఒక పొగాకు కంపెనీ కానుక. ఇవ్వాళ అలాంటి దాతను ఊహించడం కష్టమే!

షాం-ద-మార్స్ స్టేషన్‌లో కళాకారిణి మార్సెల్ ఫెరోన్ రంగుటద్దాలు (1968) క్యూబెక్ ప్రభుత్వం ఇచ్చినవి. లపాల్మ్ కోరిన చారిత్రక బొమ్మలు ఇందులో లేవు; అన్నీ వంపులు తిరిగిన నైరూప్య ఆకారాలే. ఎండ పడితే ఆ రంగులు స్టేషన్ నేల మీద పరుచుకుంటాయి. ఈ కానుకలన్నిటిలో గొప్పది ఇదేనని చెప్పవచ్చు.

స్క్వేర్-విక్టోరియా స్టేషన్‌కు పారిస్ రవాణా సంస్థ 1967లో వాస్తుశిల్పి ఎక్తోర్ గిమార్ రూపకల్పన చేసిన పోత ఇనుప ప్రవేశద్వారాన్ని పంపింది. మాంట్రియల్ మెట్రో నిర్మాణంలో పారిస్ ఇంజనీర్లు పాలుపంచుకున్నందుకు అది గుర్తు. ఆకుపచ్చ రంగు వేసిన కమ్మీలు మొక్కల కాడల్లా పైకి లేచి వంగుతాయి, కొసన నారింజ రంగు దీపాలు. 2000ల తొలినాళ్లలో మరమ్మతు చేస్తుండగా ఆ దీపపు బుడ్లు అసలు గాజువేనని తేలింది. వాటిని తీసి భద్రపరిచి, ప్లాస్టిక్ బుడ్లు అమర్చారు. లిస్బన్, మెక్సికో నగరాలకు పారిస్ తర్వాత ఇచ్చిన గిమార్ ద్వారాలు మాత్రం నకళ్లు.