బ్లూటూత్‌లో వచ్చిన పాట

పక్కపక్కనున్న రెండు ఫోన్ల మధ్య తీగ లేకుండా, ఇంటర్నెట్ ఖర్చు లేకుండా పాటను, ఫొటోను, వీడియోను పంపుకొనే పద్ధతి ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో సుమారు పదేళ్లపాటు, అంటే మెమరీ కార్డు పట్టే ఫోన్లు పల్లెలకు చేరిన నాటి నుంచి 2016లో చౌక డేటా వచ్చేదాకా, పాట చేతులు మారే ముఖ్యమైన దారిగా నిలిచింది. దీనికి ముందు క్యాసెట్టు, తర్వాత యూట్యూబ్ ఉన్నాయి. నడుమనున్న ఈ కాలం చరిత్రకారుడి చేతికి అంత సులభంగా చిక్కదు, ఎందుకంటే అలా పంపిన పాటకు రసీదు లేదు, అట్ట లేదు, ఎన్ని ప్రతులు పోయాయో లెక్కపెట్టిన వారూ లేరు.

క్యాసెట్టు కాలంలో ఈ ప్రాంతానికి పాటల యంత్రాన్ని మోసుకొచ్చిన వారిలో గల్ఫ్ వలస కూలీలు ముఖ్యులు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు నుంచి దుబాయికి, మస్కట్‌కు పోయినవారు సెలవుపై వచ్చేటప్పుడు రేడియో, టేప్ రికార్డరు కలిసి ఉండే టూ ఇన్ వన్‌ను వెంట తెచ్చేవారు. పట్టణాల్లోని రికార్డింగ్ సెంటర్లలో పాటల జాబితా రాసి, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి పాటలు నింపించుకొనేవారు. క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు ఎక్కించిన కొద్దీ గొంతు మసకబారి, గరగర పెరిగేది. పాటను అంకెల రూపంలో నిల్వ చేసే ఎంపీ3 ఫైలుకు ఆ బాధ లేదు. నూరో ప్రతి కూడా మొదటి ప్రతిలాగే ఉంటుంది. ఫోన్ల మధ్య పంపకం అంత దూరం సాగడానికి అసలు కారణం ఇదే.

తీగ లేని పంపకంలో మొదట వచ్చింది పరారుణ కాంతి, అంటే కంటికి కనిపించని వెలుగుతో నడిచే ఇన్‌ఫ్రారెడ్. దానికి రెండు ఫోన్ల నల్లటి గాజుముక్కలను ఎదురెదురుగా పెట్టి కదలకుండా ఉంచాలి. బ్లూటూత్ పని 1994లో స్వీడన్‌లోని ఎరిక్సన్ సంస్థలో మొదలైంది. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా కలిసి ఒక సంఘంగా ఏర్పడి, పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బిరుదును దానికి పేరుగా స్థిరపరిచాయి. ఇది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తూ, ఇతర పరికరాల సందడిని తప్పించుకోవడానికి 79 దారుల మధ్య సెకనుకు 1600 సార్లు గంతులు వేస్తుంది. మామూలు ఫోన్లలో దీని హద్దు సుమారు 10 మీటర్లు.

ఈ రెండింటి వేగాలను ఒక పాటకు అన్వయిస్తే విషయం తేలిగ్గా బోధపడుతుంది. సెకనుకు 128 కిలోబిట్ల నాణ్యతతో తయారైన నాలుగు నిమిషాల పాట దాదాపు 3.8 మెగాబైట్లు ఉంటుంది. సెకనుకు 115 కిలోబిట్ల సాధారణ ఇన్‌ఫ్రారెడ్‌లో అది చేరడానికి నాలుగున్నర నిమిషాలు, అంటే పాట పాడినంత సేపటి కంటే ఎక్కువే పట్టేది. తొలి తరం బ్లూటూత్‌లో సుమారు ముప్పావు నిమిషం, 2004 తర్వాతి మెరుగైన రకంలో లెక్క ప్రకారం 15 సెకన్లు చాలు. పంపేవారు బ్లూటూత్ ఆన్ చేసి వెతికితే చుట్టుపక్కల ఫోన్ల పేర్లు తెరపై వరుసగా కనిపించేవి. తీసుకొనేవారు ఒప్పుకున్నట్టు మీట నొక్కితేనే పాట కదిలేది. ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు ఒకే గద్దె మీద, ఒకే బస్సులో, ఒకే చెట్టు కింద ఉండక తప్పదు. నోటి పాట నేర్చుకొనే పద్ధతికీ ఇదే షరతు.

తొలి పాట ఎక్కడి నుంచి వచ్చేదంటే, బస్టాండు దగ్గరి మొబైల్ షాపు నుంచి. కంప్యూటరులో వేల పాటలు పెట్టుకున్న దుకాణదారు కొంత రుసుము తీసుకొని మెమరీ కార్డులో పాటలు ఎక్కించేవాడు. ఊరికి ఒక్క కార్డు నిండితే మిగిలిన పని బ్లూటూత్ చూసుకొనేది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఇది హక్కుదారు అనుమతి లేని ప్రతి, నేరం కూడా. సినిమా కంపెనీల నష్టం గురించి అప్పుడే చాలా మాటలు వినిపించాయి గాని, పల్లె గాయకుడి నష్టం వేరే రకమైనది: అతని పాట ఊరూరా తిరిగింది, పేరు మాత్రం వెంట రాలేదు.

తెలంగాణ ఉద్యమ పాట విషయంలో ఈ నష్టం స్పష్టంగా కనిపిస్తుంది. 2009 నవంబరు 29న కరీంనగర్ దగ్గరి అలుగునూరులో ఉద్యమ నాయకుడు కేసీఆర్ అరెస్టుతో రాజుకున్న దశ నుంచి, సింగరేణి కార్మికులు కూడా పాల్గొన్న 2011 నాటి 42 రోజుల సకల జనుల సమ్మె దాకా ధూంధాం అనే ఉద్యమ ఆటపాటల వేదికల పాట సీడీల్లోంచి ఫోన్లలోకి, ఫోన్లలోంచి రింగ్‌టోన్లలోకి పాకింది. ఫైలుకు పెట్టిన పేరు తరచుగా ఒక అంకె, లేదా దాన్ని మొదట దించుకున్న వెబ్‌సైటు పేరు. పాట రాసిందెవరో, డప్పు కొట్టిందెవరో ఆ చిన్న తెర చెప్పదు.

ఆదిలాబాద్ అడవి ప్రాంతంలో ఈ కథకు మరో లోతు ఉంది. గోండుల పురాణగాథలను తరతరాలుగా మోసినవారు పర్ధాన్లు. కిక్రీ అనే కమాను వాద్యాన్ని వాయిస్తూ పోషకుల ఇళ్లకు నడిచివెళ్లి పాడడం వారి వృత్తి. ఆదిలాబాద్ ఆకాశవాణి గోండి కార్యక్రమాలు ఆ భాషను గాలిలోకి ఎక్కించాయి గాని, రేడియో పలికినప్పుడే వినాలి. సొంత గూడెం గొంతును జేబులో దాచుకొని, కోరినప్పుడు వినే వీలు ఫోనుతో వచ్చింది. ఇదే భాష మాట్లాడే ఛత్తీస్‌గఢ్ గోండుల నోట బ్లూటూత్ 'బుల్టూ' అయింది. శుభ్రాంశు చౌదరి స్థాపించిన సీజీనెట్ స్వర అదే పేరుతో బుల్టూ రేడియోను నడిపింది. జనం ఫోన్‌లో చెప్పిన కబుర్లను, పాటలను ఒక కార్యక్రమంగా కూర్చి, ఇంటర్నెట్ ఉన్న పంచాయతీ కేంద్రంలో దించుకొని, అక్కడి నుంచి ఊళ్లకు ఫోన్ నుంచి ఫోన్‌కు చేరవేయడం దాని పద్ధతి. సిగ్నల్ లేని చోట మనుషుల నడకనే ప్రసార మార్గంగా చేసుకున్న ఈ ఏర్పాటు ఎంతో మెచ్చదగినది.

ఆ తర్వాతి మార్పు వేగంగా జరిగిపోయింది. షేర్‌ఇట్, జెండర్ వంటి యాప్‌లు ఒక ఫోన్‌ను చిన్న వైఫై కేంద్రంగా మార్చి, బ్లూటూత్‌లో 20 నిమిషాలు పట్టే 300 మెగాబైట్ల సినిమాను ఒకటి రెండు నిమిషాల్లో దాటించాయి. 2016 సెప్టెంబరు 5న చౌక డేటాతో జియో వచ్చింది. పంపుకోవడం తగ్గి, ఎవరి తెర మీద వారు చూసుకోవడం పెరిగింది. లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో వంటి చానళ్లకు దేశవిదేశాల్లో ప్రేక్షకులు దొరికారు. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌లలో షేర్‌ఇట్, జెండర్ రెండూ ఉన్నాయి. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ పనిని క్విక్ షేర్ చేస్తున్నది.

ఆ పదేళ్ల పాటల్లో అచ్చు సీడీగా గాని, యూట్యూబ్‌లో గాని లేనివి మిగిలి ఉంటే, అవి బీరువా అరల్లోని పాత మెమరీ కార్డుల్లోనే ఉంటాయి. గోరంత ఉండే ఆ కార్డు సమాచారాన్ని విద్యుదావేశంగా పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉంటే ఆ ఆవేశం కొద్దికొద్దిగా కారిపోతుంది. గోండి పాట గాని, ఉద్యమ పాట గాని విని, ఇది ఫలానా వాని గొంతు అని గుర్తుపట్టే మనుషులు ఊళ్లలో ఇంకా ఉన్నారు. కార్డులను ముందేసుకొని వారి పక్కన కూర్చుని పేర్లు రాయించుకోవలసిన పని మిగిలి ఉంది.