వందేళ్ళు ఆగకుండా స్టేజీ ఎక్కిన కథ

వాడరేవు నుంచి మాట్లాడుతున్నా. వెనకాల హోరు వినిపిస్తే అడ్జస్ట్ అవ్వండి, ఇవాళ గాలి బాగా ఉంది.

మొన్న ఇంట్లో 'హీరో' అనే కొరియన్ మ్యూజికల్ మీద తీసిన సినిమా చూస్తున్నా. అన్ జుంగ్ గ్యున్ అనే ఆయన కథ. 1909 అక్టోబర్ 26న హార్బిన్ రైల్వే స్టేషన్‌లో జపాన్ నాయకుడు ఇతో హిరోబుమిని కాల్చి చంపాడు. మా నానమ్మ పక్కన కూర్చుని కాసేపు చూసి, "ఒరేయ్, ఇది బుర్రకథే కదరా, కాకపోతే కోట్లు తొడుక్కుని చెబుతున్నారు" అంది. నవ్వేశా. తర్వాత ఆలోచిస్తే ఆవిడ చెప్పింది కరెక్టే. కానీ ఒక్క తేడా ఉంది. ఆ తేడా గురించే ఈ ఎపిసోడ్.

'హీరో' స్టేజీ షో మొదలైంది 2009 అక్టోబర్ 26న. అంటే ఆ కాల్పులు జరిగిన సరిగ్గా వందేళ్ళకి. వాళ్ళదే ఇంకో పెద్ద మ్యూజికల్ 'ది లాస్ట్ ఎంప్రెస్'. 1895లో రాణి హత్య జరిగితే, షో 1995లో వచ్చింది. మళ్ళీ వందేళ్ళు. 1980 గ్వాంగ్జు తిరుగుబాటు మీద మ్యూజికల్ 2020లో, అంటే 40 ఏళ్ళకి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నిజాం రాజ్యంలో, జనగామ దగ్గర కామారెడ్డిగూడెంలో బందగీ అనే పేద రైతు ఉండేవాడు. విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్ళ మీద భూమి కోసం కోర్టుకెళ్ళి గెలిచాడు. 1940లో ఆయన్ని చంపేశారు. 1946 జులై 4న అదే ప్రాంతంలో, కడివెండిలో దొడ్డి కొమరయ్యని కాల్చి చంపారు. అక్కడి నుంచి పోరాటం సాయుధ పోరాటంగా మారింది. అది 1951 దాకా నడిచింది.

మరి దీని మీద నాటకం ఎప్పుడొచ్చింది? 1947లో! సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి బందగీ కథ ఆధారంగా 'మా భూమి' రాశారు. పోరాటం ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరు గెలుస్తారో రాసినవాళ్ళకీ తెలీదు, చూసేవాళ్ళకీ తెలీదు. డాక్టర్ గరికపాటి రాజారావు లాంటి వాళ్ళు నడిపిన ప్రజానాట్యమండలి దళాలు దాన్ని కోస్తా ఊళ్ళల్లో ఆడాయి. అప్పుడు మన చీరాల, గుంటూరు అన్నీ మద్రాసు కింద ఉండేవి, తెలంగాణ నిజాం కింద. అంటే బోర్డర్ అవతల జరుగుతున్నది ఇవతల స్టేజీ మీద కనిపిస్తోంది. 1948లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. గమనించండి, అది బ్రిటిష్ వాళ్ళ ప్రభుత్వం కాదు. అప్పటికి స్వాతంత్య్రం వచ్చేసింది.

(చాలామంది గౌతమ్ ఘోష్ 'మా భూమి' సినిమా ఈ నాటకమే అనుకుంటారు. కాదు. దానికి ఆధారం కిషన్ చందర్ నవల.)

సరే, నానమ్మ అన్న బుర్రకథ. ముగ్గురుంటారు. మధ్యలో కథకుడు, చేతిలో తంబురా. అటూ ఇటూ ఇద్దరు వంతలు, గుమ్మెటలు వాయిస్తూ. ఒకాయన హాస్యం, ఇంకొకాయన రాజకీయం. ఈ రాజకీయం ఆయనే అసలు ఆయుధం అని నా ఫీలింగ్. కథేమో ఎప్పటిదో పల్నాటి యుద్ధం. మధ్యలో ఆయన ఆపి, ఇవాళ్టి పన్నుల గురించి, ధరల గురించి ఓ మాట విసురుతాడు. రాసిన స్క్రిప్ట్ చదివి పర్మిషన్ ఇచ్చే ఆఫీసరుకి అది దొరకదు, ఎందుకంటే అది ఆ రాత్రి ఆ ఊళ్ళో పుట్టిన మాట.

దీన్ని పీక్స్‌కి తీసుకెళ్ళింది షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లు ఆయనది, 1920లో పుట్టారు. పేద ముస్లిం కుటుంబం. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, అన్నీ చెప్పారు. 1943లో బెంగాల్ కరువొస్తే దాని మీద కూడా కథ కట్టారు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. తర్వాత్తర్వాత ఇదే బుర్రకథతో ప్రభుత్వం కుటుంబ నియంత్రణ ప్రచారం చేయించింది. తప్పని అనను. కానీ జీతం ఇచ్చేవాడి మీద రాజకీయం ఆయన ఏం జోకేస్తాడు చెప్పండి? సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోణ్ణి, మేనేజర్ ఉన్న మీటింగ్‌లో ఎవరెంత మాట్లాడతారో నాకు తెలుసు.

నాజర్ గారి జీవితం 'పింజారి' అనే పుస్తకంగా ఉంది. 'మా భూమి' అచ్చులో ఉంది. కానీ మన ఊళ్ళల్లో రాజకీయం చెప్పినాయన విసిరిన మాటలు? వాటిని ఎవరు రాసిపెట్టారు?

అందుకే ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి నానమ్మ ముందు పెట్టా. ఆవిడకి 80 దాటాయి. "ఆయన ఏమనేవాడు నానమ్మా?" అని అడిగా.

చాలాసేపు ఆలోచించింది. "మాట గుర్తు లేదురా. ఆయన ఏదో అనగానే అందరూ కరణం గారి వైపు తిరిగి నవ్వారు. ఆయన లేచి వెళ్ళిపోయాడు. అది గుర్తుంది."

ఆ క్లిప్ 40 సెకన్లు ఉంది. ఇప్పుడు ప్లే చేస్తా, వినండి.