సోమిదపట్ట: రాక్సుబరో వైద్యుని చరిత్రము

మన నిఘంటువులను దెఱచి వృక్షనామ మొకదానిని వెదకుఁడు. పర్యాయపదములు పది లభించును; కడపట 'వృక్షవిశేషము' అని యుండును. ఆ చెట్టు పట్ట యెట్టిదో, అది యే యడవిలోఁ బెరుఁగునో, వెదకినవానికిఁ దెలియదు. అమరసింహుఁడు వనౌషధివర్గమున నర్జునము, కకుభము, ఇంద్రద్రువు, నదీసర్జము అనునవి యొక్క చెట్టునకే పేళ్లని చెప్పెను. నదీసర్జపదము తావు నించుక సూచించును, రూపమును జూపదు. మద్దిచెట్లు రెండు తెగలవి పక్కపక్కల నిలిచియున్నపు డేది యర్జునమో తేల్చుటకుఁ దెల్లమద్ది, నల్లమద్ది యని పట్టరంగునుబట్టి మన యడవిజనులు చేసిన విభాగమే యక్కఱకు వచ్చుచున్నది.

ఇట్టి దేశ్యనామములను జెట్టుతోడను, జిత్రముతోడను ముడివేసి మనకు మిగిల్చినవాఁ డొక సేనావైద్యుఁడు. ఆతనిపేరు విలియము రాక్సుబరో. పందొమ్మిదవ శతాబ్దమున మన వృక్షనామములఁగూర్చి వ్రాసినవారిలోఁ బెక్కుమంది యీతనిమీఁదనే యాధారపడిరి కావున నీతని చరిత్రము పండితు లెఱుఁగఁదగినది.

ఈతఁడు స్కాట్లండు దేశమున 1751లో జనించెను. ఎడింబరో విద్యాలయమున జాన్ హోపు పండితునియొద్ద వృక్షశాస్త్రము నభ్యసించి, కుంపిణీ యోడలలో శస్త్రవైద్యునికి సహాయుఁడుగాఁ గొంతకాలము తిరిగి, 1776లో మదరాసు వైద్యకొలువునఁ జేరెను. 1781లో సామర్లకోట దండునకు వైద్యుఁడై గోదావరీమండలమునకు వచ్చెను. పటాలమునకు మందిచ్చుటకై వచ్చినవాఁడు పండ్రెండేండ్లు అచ్చటనే నిలిచి, తోటలు వేసి, మిరియపుఁదీఁగెలను బెంచి, వానలను గాలులను గొలిచి వ్రాసికొనుచు, దండును మఱచి దేశమును జదువుకొనెను. నాడి చూచుచుఁ బల్లెపల్లె తిరిగిన వైద్యుఁ డని యీతనిని నేను జెప్పను. దేశమందలి మాఁకును మందును జదివిన వైద్యుఁడు. ఆ చదువు మన పల్లెవైద్యులకుఁ బుట్టుకతో వచ్చునది, ఈతఁ డార్జించుకొనవలసివచ్చెను.

లిన్నేయసుని శిష్యుఁడును, దరంగంబాడిలో దేనుల వైద్యుఁడుగా నుండి పిదపఁ గుంపిణీకొలువునఁ జేరినవాఁడునగు కోనిగు పండితుఁడు 1785లోఁ గాకినాడయందలి జగన్నాథపురమునఁ గాలధర్మము నొందెను. అంత్యకాలమునఁ జెంతనుండి వైద్యము చేసినవాఁడు రాక్సుబరోయే. 1787లోఁ గోరంగి నుప్పెన ముంచినపు డీతని పుస్తకములును, ఎండఁబెట్టి దాఁచుకొన్న కొమ్మలు రెమ్మలును గొట్టుకొనిపోయెను. ఆఱేండ్ల శ్రమ నీటఁ గలిసినపిదప మఱల మొదటినుండి యారంభించుట యెంతకష్టమో తాళపత్రగ్రంథములఁ జెదలపాలు చేసికొన్న వంశములవా రెఱుఁగుదురు. ఆ వెనుకనే 1789 మొదలు 1792 వఱకు సర్కారులలో ఘోరక్షామము సంభవించెను. కొబ్బరి, సాగో, రొట్టెపనస మొదలగు చెట్లను విరివిగా నాటించినచో వానలు తప్పిన యేండ్లలో జనులు బ్రదుకుదు రని యాతఁడు ప్రభుత్వమునకు వ్రాసెను.

దేశీయచిత్రకారులచే నీతఁడు వ్రాయించిన చిత్రములు లండనుచేరఁగా, వానినుండి జోసెఫు బ్యాంక్సు మున్నూఱింటి నేఱెను. అవి కోరమాండలు తీరపు వృక్షములను పేర 1795 మొదలు మూఁడు సంపుటములుగా వెలువడి 1820 నాఁటికి ముగిసెను. ఆ చిత్రములు వ్రాసినవారి పేళ్లుగాని, చెట్టుపేరు చెప్పిన చెంచువాని పేరుగాని, కోయవాని పేరుగాని యం దెచ్చటను గానరాదు. ఇది చిన్నలోపముగాఁ ద్రోసిపుచ్చఁదగినది కాదు.

ఇఁక సోమిద. ఆ కాలమున విషజ్వరములకుఁ బ్రసిద్ధమగు మందు దక్షిణామెరికాఖండమునుండి వచ్చు సింకోనాపట్ట. దాని వెల యధికము. దొరకుటయు నిశ్చయము కాదు. కుంపిణీసేన జ్వరములచేతఁ గ్రుంగుచుండెను. రాజమహేంద్రవరపు సర్కారు కొండలలోని సోమిదపట్ట దానికి బదులుగాఁ బనికివచ్చునా యని రాక్సుబరో పరీక్షించి, 1793లో నొక చిన్నగ్రంథమును బ్రకటించెను. ఈ మాను నాతఁడు మహాగని వర్గమునఁ జేర్చి, జ్వరహర మనునర్థము గల లాటిను విశేషణమును దగిలించెను. దీని కలప మిగులఁ జేవగలది. దేవాలయముల కొయ్యపనులకు మనవారు దీనినే వాడుదు రనియు నాతఁడు వ్రాసినాఁడు. 1794లో నాండ్రూ డంకను అను విద్యార్థి యెడింబరోలో వైద్యపట్టమునకై వ్రాసిన లాటిను ప్రబంధమున కీ వృక్షమే విషయము. శీర్షికయందే సోమిదపదము నిలిచినది. 1830 ప్రాంతమున ఫ్రెంచి పండితుఁడగు జుస్సియూ దీనిని మహాగనినుండి వేఱుచేసి, 'సోయ్మిడా' యను ప్రత్యేకజాతిగా నిలిపెను. నాఁటినుండి నేఁటివఱకు లోకమంతట దీని శాస్త్రనామ మిదియే.

మందుగా నిది గెలువలేదు. 1820లోఁ బారిసునందుఁ బెల్లెటియే, కవంటూలు సింకోనానుండి కొయినాను వేఱుచేసిరి; సోమిదలోఁ గొయినా లేదు. దీని పట్ట కషాయరసము గలది, స్తంభకము. 1868లో వెలువడిన భారతదేశౌషధసంహితలో దీనికిఁ జోటు దొరకినను, నీలగిరులలో సింకోనాతోఁటలు పెరిగినపిదప నాంగ్లవైద్యులు దీనిని మఱచిరి. మనవైద్యులలోఁ బలువురు మాంసరోహిణి యనునది యిదియే యందురు.

మందు పోయినది; మాట మిగిలినది. వైయాకరణునకుఁ గావలసిన దిదియే. 'సోయ్మిడా' యందలి యకారము విదేశీయుల వ్రాఁతవలన వచ్చినదేకాని మూలపదము సోమిదయే యనుట స్పష్టము. ఇట్లే సండ్రచెట్టున కాతఁడు 'సుండ్రా' యని పేరిడెను. మన నిఘంటువులు చండ్ర యను రూపమును మన్నించును. సకారాదిరూపము నాఁడే వాడుకలో నున్నదనుట కీ లాటినుపేరు సాక్ష్యము. కడప తిరుపతి కొండలలోని తంబమాను 'తుంబుగ్గయా' యైనది. అర్జునశబ్దము సంస్కృతమునుండి యున్నదున్నట్లే చేరినది. శాసనములలోఁ బదరూపములను వెదకు మనము, ఇట్టి చోట్ల వెదకకుండుట యేల?

1793లో రాక్సుబరో కలకత్తా వృక్షోద్యానమున కధ్యక్షుఁడై వెళ్లెను. 1813లో దేశమును విడిచి, 1815లో నెడింబరోలో మృతినొందెను. ఆతని భారతవృక్షసంహితను సంపూర్ణముగా 1832లో శ్రీరామపురమున విలియము కేరీ ముద్రింపించెను. సామర్లకోటతోఁట 1793లో బెంజమిను హైనె చేతికి వచ్చెను. ఈతఁడు క్రైస్తవబోధకుఁడుగా వచ్చి, పిదపఁ గుంపిణీ వైద్యకొలువునఁ జేరి, మెకంజీ దొరతో మైసూరు సర్వేలోఁ దిరిగినవాఁడు. 1800లోఁ గుంపిణీవశమైన మన దత్తమండలమునకు వచ్చి కడపసీమ వజ్రపుగనులను స్వయముగాఁ జూచెను. 1814లో లండనునఁ బ్రకటించిన గ్రంథమున నా గనులతోపాటు, ఇనుము కరఁగించు కొలుములను, హిందూవైద్యమునుగూర్చి వ్రాసెను. 1819లో మదరాసునఁ గాలము చేసెను. వీరి కృషిఫలము తెలుఁగునకు బ్రౌను దొర మూలమునఁ జేరినది: 1852నాఁటి యాతని నిఘంటువున వృక్షనామములప్రక్కఁ దఱచుగాఁ గానవచ్చు 'రాక్సు.' అను పొడియక్షరము లీ వైద్యునివే. ఆ సంకేతమును జూచి దాఁటిపోవువారే మనలో నెక్కుడు.

బండి ఆత్మకూరునకుఁ దూర్పున, ఓంకారక్షేత్రమునొద్ద మొదలగు నల్లమలయడవిలో సోమిద, నల్లమద్ది, సండ్ర, వేఁగిస నేఁటికిని గలవు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు పాఠశాలాపండితు లొక్కొక్కరు తమయూరి యడవికిఁ బోవువారి నడిగి, చెట్టుపేరు, పట్టరంగు, పూచునెల, వాడుక, చెప్పినవాని పేరు ననుమతితో వ్రాసికొని పరిషత్తునకుఁ బంపినచో, బ్రౌను నిఘంటువునందలి రాక్సుబరో పదములతో వానిని సరిపోల్చి, భేదములను బట్టికగా నీ పత్రికయందే ప్రకటింపవచ్చును. మొదట సోమిదతోఁ బ్రారంభించుట మేలు. వేసవిలో నాకు రాలి, క్రొత్తచిగురు వచ్చువేళ దీనిని గుర్తించుట సులభము.