ఆహార్యానికి కాస్త ఆడిట్

ఢిల్లీలో తెలుగువాళ్ల సాంస్కృతిక కార్యక్రమం ఎక్కడ జరిగినా వ్యాఖ్యాత నోట ఒక మాట తప్పకుండా వస్తుంది: "రెండు వేల ఏళ్లుగా చెక్కుచెదరని మన నాట్య సంప్రదాయం!" ఇక్కడ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్ కోచింగుకు వచ్చిన మన పిల్లలు కూడా ఆ ముక్కే బట్టీ పడుతుంటారు. నేను ఉద్యోగమంతా రక్షణ శాఖ లెక్కలు చూసినవాణ్ణి. వోచర్ లేని బిల్లు పాస్ చేసే అలవాటు లేదు. అందుకని నాట్యం సంగతి నాట్యం తెలిసినవాళ్లకు వదిలేసి, వేదిక మీద కట్టే బట్టల వరకు కాస్త ఆడిట్ చేద్దాం.

ముందు పరాయి ఇంటి ఖాతా చూద్దాం. యూరప్ వాళ్ల బ్యాలే అనగానే మనకు గుర్తొచ్చేది తెల్లటి కురచ గౌను, 'టూటూ'. అదీ మొదటినుంచీ ఉన్నది కాదు. 18వ శతాబ్దంలో నర్తకులు ముఖానికి మాస్కులు, నడుముకు పెద్ద చట్రాల గౌన్లు వేసుకునేవారు. వాటిని తీసేయమని నొవెర్ అనే నృత్య గురువు 1760లో పుస్తకమే రాశాడు. 1832లో ప్యారిస్‌లో మేరీ టాగ్లియోని 'లా సిల్ఫీడ్' ఆడినప్పుడు పలచని తెల్ల గౌను స్థిరపడింది. బిగుతు నడుము, గంటలాంటి గౌను ఆనాటి ప్యారిస్ వీధుల్లో ఆడవాళ్ల ఫ్యాషనే. కాళ్ల పనితనం పెరిగి, అది కనబడాల్సి వచ్చేసరికి, ఆ శతాబ్దం చివరికి గౌను కురచైంది. 1924లో 'ల ట్రాఁ బ్లూ' అనే బ్యాలేకి ఫ్యాషన్ వ్యాపారి కోకో షనెల్ అల్లిక గుడ్డతో ఈత దుస్తులు కుట్టింది.

ఈ ఖాతాలో ఒక విషాదం కూడా ఉంది. ఆ రోజుల్లో వేదికకు గ్యాసు దీపాలు. పలచని గౌన్లు అంటుకోకుండా ఒక రసాయనంలో ముంచే పద్ధతి అప్పటికే వచ్చింది. దానివల్ల గౌను బిరుసెక్కి మాసినట్టు కనిపిస్తుందని ఎమ్మా లివ్రీ అనే నర్తకి ఒప్పుకోలేదు. 1862 నవంబరులో రిహార్సల్లో ఆమె గౌనుకు నిప్పంటుకుంది. ఎనిమిది నెలలు నరకం చూసి చనిపోయింది. అప్పటికి ఆమెకు ఇరవై ఒకటి కూడా నిండలేదు. బట్ట ఇలాగే ఉండాలన్న పట్టుదలకు ఆమె కట్టిన మూల్యం అది.

ఇక మన ఖాతా తెరుద్దాం. 1213 నాటి రామప్ప గుడికి వెళ్లి మదనికలను చూడండి. ఒంటినిండా నగలున్నాయి కాని రవిక లేదు. ముందు విసనకర్రలా విచ్చుకునే కుట్టిన కుచ్చెళ్లు అంతకంటే లేవు. 19వ శతాబ్దపు ఫోటోల్లో దక్షిణాది నర్తకీమణులు చాలామంది పైజామా మీద చీర చుట్టుకుని, రవిక తొడుక్కుని ఉంటారు. మరి ఈనాటి కుట్టు దుస్తులు ఎక్కడివి? 1930ల తర్వాత వచ్చినవి. రుక్మిణీదేవి అరండేల్ 1935లో అడయారులో మొదటి ప్రదర్శన ఇచ్చి, 1936లో కళాక్షేత్ర స్థాపించాక, కొత్త రంగుల జతలు, కొత్త కుట్టు పద్ధతి వ్యాపించాయి. అన్నట్టు, మన నాట్యం నేర్చుకోమని ఆమెను ప్రోత్సహించింది రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా!

కూచిపూడి సంగతి ఇంకా తమాషా. అది మగవాళ్ల భాగవత మేళం. సత్యభామ కూడా మగవాడే. కాగడాల వెలుగులో ఆట, గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని మంట. ఆ వెలుగులో మొహం కనబడాలి కాబట్టి హరిదళం పూసుకునేవారు. అది ఆర్సెనిక్ ఉన్న ఖనిజం, అంటే విషం. ప్రాచీనమైందల్లా ఆరోగ్యకరం అనేవాళ్లు ఈ పద్దు గమనించాలి. నగలు మాత్రం తేలిక కొయ్యతో చేసేవారు. ఆ తర్వాత వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఆడవాళ్లకు నేర్పారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ పెట్టారు. విద్యుద్దీపాలు వచ్చాయి, సత్యభామగా ఆడపిల్లలే వచ్చారు, యామినీ కృష్ణమూర్తి లాంటివారితో ఢిల్లీ వేదికలూ వచ్చాయి. బట్టలూ మారాయి. హుక్కులు పెట్టి పది నిమిషాల్లో తొడుక్కునే నేటి దుస్తులు దర్జీ మిషను పుణ్యమే గాని భరతముని పుణ్యం కాదు.

భరతముని అంటే గుర్తొచ్చింది. నాట్యశాస్త్రం ఏమంటుందో చూడండి. బరువైన నగలు పెట్టుకుంటే నటులు అలసిపోతారు కాబట్టి లక్కలాంటి తేలిక సామాగ్రితో చేసుకోమంటుంది. వేషం దేశాన్ని బట్టి, పాత్రను బట్టి ఉండాలంటుంది. ఆ గ్రంథకర్త మన వ్యాఖ్యాతల కంటే ఆచరణజ్ఞుడు!

"బట్టలు మారితే ఏమిటయ్యా నష్టం?" అని మీరు అడగొచ్చు. మారితే నష్టమేమీ లేదు. మారలేదని చెప్పడమే నష్టం. ఈ ఆటను తరాలపాటు బతికించిన కలావంతుల స్త్రీలను సమాజం చిన్నచూపు చూసింది. దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది. దురాచారం పోవలసిందే, అందులో సందేహం లేదు. కాని దాంతోపాటు ఆ స్త్రీల కట్టూబొట్టూ, ఆటా కూడా 'అసభ్యం' అనే పద్దులో పడ్డాయి. తర్వాత పై కులాల పిల్లలు కొత్త బట్టల్లో అదే అభినయం పడితే అది 'పవిత్రం' అయింది. ఆ కొత్త బట్టలకు రెండు వేల ఏళ్ల వయసు అంటగట్టామంటే, మధ్యలో ఉన్న మనుషుల పేర్లను ఖాతాలోంచి కొట్టేసినట్టే. మా భాషలో దాన్ని తప్పుడు ఎంట్రీ అంటారు.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఇది అనాదిగా వస్తున్నది" అంటే కోప్పడకండి, నవ్వకండి. "ఏ సంవత్సరం నుంచి? ఆధారం ఏమిటి?" అని రెండే ప్రశ్నలు అడగండి. నాట్యం అందం దీనివల్ల పిసరంత కూడా తగ్గదు. చేసినవాళ్లకు దక్కాల్సిన పేరు మాత్రం దక్కుతుంది.