బయానా ఇచ్చే ముందు

మంటకి కాస్త దగ్గరగా జరగరా నాన్నా. ఈ మిషిగన్ చలి ఒకసారి వెన్నులో దూరిందంటే ఓ పట్టాన వదలదు. ఇందాక నువ్వు ఫోన్లో చూపించిన కారు గురించే ఆలోచిస్తున్నాను. 2003 మోడల్ పోర్షే 911, వెండి రంగు. అందంగా ఉంది, కాదనను. కానీ అమ్మేవాడు అన్న మాటొకటి చెప్పావు చూడు, "ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇప్పిస్తున్నాం కదా, ఇంక వేరే ఇన్‌స్పెక్షన్ ఎందుకు, డబ్బు దండగ" అని. ఆ మాట నాకు నచ్చలేదు. ఈ దేశంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఆ మాట రకరకాల నోళ్ళ వెంట వింటూనే ఉన్నాను. అది నమ్మినవాళ్ళు ఏమయ్యారో కూడా చూశాను.

మేం వచ్చిన రోజులు వేరు. 1965లో ఇక్కడి ఇమిగ్రేషన్ చట్టం మారాకే మనవాళ్ళకి దారి దొరికింది. మన దేశంలో డాలర్లకి కరువు. జేబులో 8 డాలర్లతో విమానం దిగినవాళ్ళం చాలామందిమి. అలాంటివాళ్ళకి కొత్త కారెక్కడిది? అందరం పాత కార్లే కొనుక్కున్నాం. సంసారులు పెద్ద పెద్ద స్టేషన్ వ్యాగన్లు చూసుకుంటే, పెళ్ళికాని కుర్రాళ్ళ కళ్ళన్నీ డాట్సన్ 240జెడ్ మీదే. 1970లో అది ఇక్కడి బజార్లోకి వచ్చినప్పుడు కొత్తదాని ధర 3,526 డాలర్లు. 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను, పొడుగాటి బానెట్టు, రెండే సీట్లు. నాలుగైదేళ్ళు తిరిగేసరికి సెకండ్‌హ్యాండ్‌లో మా చేతికందే ధరకొచ్చింది.

అయితే ఈ డెట్రాయిట్ ఊరి కింద, 1,000 అడుగులకు పైగా లోతున, ఉప్పు గని ఉంది. చలికాలం వస్తే రోడ్ల మీద మంచు కరగడానికి టన్నులకొద్దీ ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్ళు 240జెడ్ రేకుని లోపలినుంచి తినేసేవి. పైన పెయింటు అద్దంలా మెరుస్తుంటుంది. బ్యాటరీ పైకెత్తి చూస్తే దాని కింది పళ్ళెం జల్లెడ. కాళ్ళ కింద కార్పెట్ లేపితే రోడ్డు కనపడిన బండ్లు కూడా ఉన్నాయి. చిల్లుల్ని పుట్టీతో పూడ్చి, మీద రంగేసి అమ్మేవాళ్ళు.

ఆ రోజుల్లో శనివారాలు నేనొక జర్మన్ పెద్దాయన గరాజ్‌కి పనికి పోయేవాణ్ణి. ఆయన దగ్గర గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం ఉండేది. గుడ్డ ఎందుకంటే గీతలు పడకుండా. దాన్ని బండి ఒంటి మీద నెమ్మదిగా జరుపుకుంటూ పోయేవాడు. అతుక్కున్నచోట రేకు, జారిపోయినచోట పుట్టీ. చక్రాల పైనున్న అంచులు, తలుపుల అడుగులు, హెడ్‌లైట్ల చుట్టూ జరిపేవాడు. ఇప్పుడదే పని పెయింట్ మందం కొలిచే మీటర్ చేస్తుంది, మైక్రాన్లలో చెబుతుంది. ఫ్యాక్టరీ రంగయితే సుమారు 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక్క తలుపు మీద 400 చూపించిందంటే ఆ తలుపుకి ఏదో కథ ఉన్నట్టే.

ఇంకోటి చెప్పేవాడాయన. "నువ్వు వెళ్ళేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే వెనక్కొచ్చెయ్" అని. వేడి ఇంజిన్ తన రోగం దాస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్ తిప్పినప్పుడే చైను గలగల, పైపులోంచి నీలం పొగ, అన్నీ బయటపడతాయి. ముందురోజే ఫోను చేసి 'నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు' అని చెప్పు. వెళ్ళగానే బానెట్టు మీద చెయ్యి పెట్టి చూడు. నీ పోర్షేకయితే ఇంజిను వెనకుంది, చెయ్యి వెనక పెట్టాలి.

మైళ్ళ సంగతి మరీ ఘోరం. అప్పటి మీటర్లకి ఐదంకెలే. లక్ష దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలు. 1,12,000 మైళ్ళు తిరిగిన బండి 12,000 చూపిస్తుంది. దానికి తోడు మీటర్ వెనక్కి తిప్పేవాళ్ళు. 1972లో ఫెడరల్ చట్టం దాన్ని నిషేధించింది. 1986లో ఇంకో చట్టం తెచ్చి, చేతులు మారినప్పుడల్లా టైటిల్ కాగితం మీదే మైళ్ళు రాయాలన్నారు. పాత కార్ల చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ పుట్టింది కూడా ఈ మైళ్ళ మోసం మీదే, 1984లో, మిస్సోరీలో. నువ్వు నిన్న ఫోన్లో చూసుకున్న ఆ రిపోర్టు అప్పట్లో ఫ్యాక్స్‌లో వచ్చేది. మంచిదే, తప్పకుండా చూసుకో. కాకపోతే ఎవరైనా నమోదు చేయించిన సంగతే అందులో ఉంటుంది. గుద్దుకున్న బండిని ఇన్సూరెన్సుకి చెప్పకుండా సొంత డబ్బుతో బాగు చేయించుకుంటే ఆ కాగితానికి తెలియదు.

మా నాన్న సంతలో ఎడ్లు కొనేటప్పుడు చూశాను. పళ్ళు చూసేవాడు, సుళ్ళు చూసేవాడు, నాలుగడుగులు నడిపించేవాడు, కాడి మెడ మీద పెట్టి చూసేవాడు. అంతా అయ్యాకే నడుముకి కట్టిన రొక్కం ముడి విప్పేవాడు. అమ్మేవాడి నోటి మాట మీద ఎద్దుని తోలుకొచ్చినవాణ్ణి మా ఊళ్ళో నేను చూడలేదు. అలాంటి ఇళ్ళల్లో పుట్టినవాళ్ళం ఇక్కడికొచ్చి అంతకు వందరెట్లు ఖరీదైన బండిని బొమ్మ చూసి కొంటున్నామే అన్నది నా బాధ.

ఇది చదువుకున్నవాళ్ళు కూడా పట్టించుకున్న విషయమేరా. జార్జ్ అకెర్‌లాఫ్ అని బర్క్లీ ప్రొఫెసరు 1970లో పాత కార్ల బజారు మీదే ఒక వ్యాసం రాశాడు. మూడు పత్రికలు వద్దన్నాక నాలుగోది వేసింది. 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆయన చెప్పిందేమిటంటే, బండి లోగుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియనప్పుడు కొనేవాడు మంచి బండికి కూడా సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు. చివరికి బజార్లో మిగిలేవి చెత్త బండ్లే. ఆ తెలియనితనాన్ని తగ్గించుకునే దారి కొనేవాడికి ఒకటుంది, సొంత మెకానిక్ చేత చూపించుకోవడం. కొన్ని వందల డాలర్లు, ఒక పూట.

1982లో పోర్షే 944 వచ్చాక ఈ సంగతి నాకు బాగా తలకెక్కింది. ఆ కారు పాతబడి ధర దిగేసరికి మన కుర్రాళ్ళు ఎగబడ్డారు. దాని ప్రాణమంతా ఒక రబ్బరు టైమింగ్ బెల్టులో ఉంది. అది తెగిందా, వాల్వులు పోయి పిస్టన్లకి కొట్టుకుని వంకరపోతాయి. బెల్టు పైకి కనపడదు, మూత కింద ఉంటుంది. అందుకని మా జర్మన్ పెద్దాయన ముందు రసీదు అడిగేవాడు. బెల్టు మార్చిన రసీదు లేకపోతే మార్చనట్టే లెక్క. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడమనేవాడు.

ఆయన చేసిన పరీక్షల్లో నాకు బాగా ఇష్టమైంది లీక్‌డౌన్. స్పార్క్ ప్లగ్ తీసి, ఆ రంధ్రంలోంచి సిలిండర్‌లోకి గాలి పంపిస్తారు. ఎంత శాతం గాలి తప్పించుకుంటోందో మీటర్ చెబుతుంది. పదిలోపు ఉంటే సంతోషం, ఇరవై దాటితే అనుమానం. అయితే ఆ పెద్దాయన మీటర్ చూసి ఊరుకునేవాడు కాదు. గరాజ్‌లో రేడియో కట్టేయించి చెవి పెట్టి వినేవాడు. సైలెన్సర్ గొట్టంలో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. గాలి పీల్చే దారిలో వినపడితే ఇంటేక్ వాల్వు. ఆయిల్ పోసే మూత తీసి అక్కడ చెవి పెడితే గాలి వినపడిందా, రింగులు అరిగిపోయినట్టు. నన్నూ వినమనేవాడు. మొదట్లో ఏమీ తెలిసేది కాదు, పోనుపోను చెవికి పట్టింది.

ఇక నువ్వు చూసిన కారు దగ్గరికి వద్దాం. 1990ల చివర పోర్షే వాళ్ళు బాక్‌స్టర్‌లోనూ 911లోనూ నీళ్ళతో చల్లబడే కొత్త ఇంజిను పెట్టారు. అందులో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటుంది; దానికి క్లచ్ వైపు చివర ఒక బాల్ బేరింగ్. గ్రీజు పెట్టి సీలు చేసిన బేరింగ్ అది. కాలం గడిచేకొద్దీ ఆయిల్ లోపలికి చేరి గ్రీజుని కడిగేస్తుంది. బేరింగ్ విరిగితే షాఫ్ట్ పక్కకి జరుగుతుంది, చైను తప్పుతుంది, వాల్వులూ పిస్టన్లూ కొట్టుకుంటాయి. ఇంజిన్ మొత్తం పోతుంది. మొదట్లో రెండు వరసల బాల్స్ ఉన్న బేరింగ్ వేశారు. తర్వాత 2005 దాకా ఒక్క వరసదే వేశారు, ఎక్కువగా పోయింది అదే. నీ 2003 బండి ఆ కాలంలోదే. దీని మీద కోర్టులో దావా నడిచి 2013లో రాజీ అయింది. ఆ గడువులన్నీ ఎప్పుడో దాటిపోయాయి. 2006 నుంచి 2008 దాకా పెద్ద బేరింగ్ పెట్టారు, ఇంజిన్ విప్పదీయనిదే అది బయటికి రాదు. 2009లో కొత్త ఇంజిన్ వచ్చాకగానీ ఆ బెడద పోలేదు.

అలాగని ఆ కార్లన్నీ చెడ్డవని అనను. సరిగ్గా చూసుకున్నది హాయిగా తిరుగుతోంది. గేర్‌బాక్స్ దింపి క్లచ్ మార్చేటప్పుడే ఆ బేరింగ్ కూడా మార్చేస్తారు. ఇల్లినాయ్‌లో ఎల్‌ఎన్ ఇంజినీరింగ్ వాళ్ళు దాని కోసమే గట్టి బేరింగులు తయారుచేశారు. నువ్వు అడగాల్సింది ఆ రసీదు. అది ఉన్నా లేకపోయినా, ఆయిల్ ఫిల్టర్ బయటికి తీయించి దాని కాగితం మడతలు విప్పి చూడమను. తెల్లటి గుడ్డ మీద పరిచి వెలుతుర్లో పెడితే అసలు సంగతి తెలుస్తుంది. గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు కనపడితే అవి చైన్ గైడ్లు అరిగినవి, భయపడక్కర్లేదు. మిలమిలమంటూ అయస్కాంతానికి అంటుకునే రజను కనపడిందా, అమ్మేవాడికి నమస్కారం పెట్టి వచ్చెయ్.

దాని కంప్యూటర్ని కూడా చదివించు. ఓవర్-రెవ్ రిపోర్ట్ అంటారు. మూడో గేర్లోంచి నాలుగుకి వెయ్యబోయి పొరపాటున రెండులో వేస్తే, చక్రాలే ఇంజిన్‌ని హద్దు దాటించి తిప్పేస్తాయి. ఇంధనం ఆపేసే లిమిటర్ అక్కడ ఏమీ చెయ్యలేదు. అలా ఎన్నిసార్లు అయింది, చివరిసారి ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగాక అయింది అన్నది అందులో నమోదై ఉంటుంది. యజమాని ఎంత పెద్దమనిషైనా కంప్యూటర్ మొహమాటపడదు.

ఇప్పుడు వారంటీ సంగతి. 1975లో మాగ్నుసన్-మాస్ చట్టం వచ్చింది. దాని ప్రకారం వస్తువుతోపాటే వచ్చేది వారంటీ. విడిగా డబ్బు కట్టి కొనేది సర్వీస్ కాంట్రాక్ట్. నీకు అమ్మజూపుతున్నది రెండోది. ఆ కాగితం రేపు పుట్టబోయే రోగానికి. ఇవాళే ఉన్న రోగానికి అది పైసా ఇవ్వదు. కొనకముందే ఉన్న లోపాలకి వర్తించదని దాదాపు ప్రతి కాంట్రాక్టులోనూ ఉంటుంది.

మా మిత్రుడొకాయన ఇక్కడే దెబ్బతిన్నాడు. రెండు సీట్ల బండి కొన్నాడు, ఇన్‌స్పెక్షన్ లేదు, కాంట్రాక్ట్ మాత్రం మూడేళ్ళది. కొన్ని నెలలకే ఇంజిన్‌లో టకటక మొదలైంది. విప్పి చూస్తేగానీ చెప్పలేమన్నారు. విప్పే ఖర్చు ముందు నువ్వే పెట్టుకో, మా పరిధిలో ఉందని తేలితే తర్వాత ఇస్తామన్నారు. విప్పించాడు. 'ఈ అరుగుదల మీరు కొనకముందుదే' అని ఒక్క వాక్యం రాసి పంపించారు. విప్పిన ఇంజిన్ బల్ల మీద ముక్కలుగా ఉంది, చేతిలో ఎదురు చెప్పడానికి కాగితం లేదు. కొన్న రోజున బండి బాగుందని రాసిన మెకానిక్ రిపోర్టు ఒక్కటి ఉంటే పోట్లాడే దారి ఉండేది. ఇది బాగా పట్టుకో. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు కొనాలా వద్దా తేల్చుకోవడానికే కాదు, రేపు వారంటీ వాడి ముందు నీ సాక్ష్యం కూడా అదే.

ఈ కాంట్రాక్టులు అమ్మేవాళ్ళ వెనక ఎవరున్నారో కూడా చూడు. మిస్సోరీలో యూఎస్ ఫిడెలిస్ అని పెద్ద సంస్థ ఉండేది, టీవీలో ఫోన్లలో ఊదరగొట్టి ఈ కాంట్రాక్టులు అమ్మింది. 2010లో దివాలా తీసింది. నడిపిన అన్నదమ్ములు 2012లో నేరం ఒప్పుకున్నారు. మీ అమ్మమ్మ ఫోనుకి 'మీ కారు వారంటీ అయిపోతోంది' అని రోజూ వచ్చేదే, ఓ ముఠా 2021లో మూడు నెలల్లోనే అలాంటి కాల్స్ 500 కోట్లకు పైగా చేసిందని తేల్చి, 2023లో ఫోన్ల నియంత్రణ చూసే ఎఫ్‌సీసీ దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అందరూ దొంగలని కాదు. కార్ల తయారీదారే ఇచ్చే సర్టిఫైడ్ వారంటీ ఉంది, అది వేరు. బయటి కాంట్రాక్టుల్లోనూ చెల్లించేవి ఉన్నాయి. వేటికి వర్తించదో రాసి మిగతావన్నీ కవర్ చేసేది కొను. వేటికి వర్తిస్తుందో మాత్రమే జాబితా ఇచ్చేది వద్దు. సీళ్ళు, గ్యాస్కెట్లు ఉన్నాయా, అరుగుదల సంగతేమిటి, విప్పే ఖర్చు ఎవరిది, మధ్యలో రద్దు చేసుకుంటే ఎంత తిరిగొస్తుంది, వెనక ఇన్సూరెన్స్ కంపెనీ ఏది, ఇవన్నీ సంతకానికి ముందే చదువు. ధర కూడా బేరమాడు, డీలర్ లాభం అందులో గట్టిగానే ఉంటుంది.

కారు అద్దానికి బయ్యర్స్ గైడ్ అని కాగితం అంటించి ఉంటుంది. 1985 నుంచీ డీలర్లు అది పెట్టి తీరాలి. 'యాజ్ ఈజ్' దగ్గర టిక్కు ఉంటే, గేటు దాటాక వాళ్ళకి బాధ్యత లేదని నీకు ముందే చెబుతున్నట్టు. దాన్ని ఫోటో తీసి నాకు పంపించు.

రేపు పొద్దున పోర్షేలు మాత్రమే చూసే గరాజ్ ఒకటి వెతికి టైము తీసుకో. ఇంతకాలం ఆ బండికి సర్వీసు చేసిన గరాజ్ మాత్రం వద్దు, వాళ్ళకి అమ్మేవాడు పాత ఖాతాదారు. బండి లిఫ్ట్ ఎక్కించడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఇంక బేరం లేదు, ఇంకో 911 చూద్దాం. ఒప్పుకుంటే నాకు ఫోను చెయ్యి, నేనూ వస్తాను. రిపోర్టు చేతికొచ్చేదాకా ఒక్క డాలర్ కూడా బయానా ఇవ్వకు.